హాస్టల్ నుంచి క్లాసుకు ఎంతసేపు?

పోయిన నెల ఒక తండ్రి నా బల్ల మీద బ్రోచర్ తెరిచి, డ్రోన్‌తో తీసిన ఫొటో మీద వేలు పెట్టారు. ‘సార్, రెండొందల ఎకరాలు! ఇంకేం కావాలి?’ పక్కనే కూర్చున్న కూతురు మెల్లిగా అడిగింది: ‘హాస్టల్ నుంచి క్లాసుకి ఎంతసేపు పడుతుంది సార్?’ బ్రోచర్ అంతా తిరగేసినా ఆ సంగతి దొరకలేదు.

క్యాంపస్ పెద్దదైతే చదువూ గొప్పదే అనే నమ్మకం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. గచ్చిబౌలి వెళ్లి చూడండి. 1974లో మొదలైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి మొదట్లో సుమారు 2,300 ఎకరాలు ఇచ్చారు. అక్కడికి దగ్గర్లోనే 1998లో వచ్చిన ట్రిపుల్ ఐటీకి ఉన్నది 66 ఎకరాలు. కంప్యూటర్ సైన్స్ కోసం పిల్లలు పోటీపడేది ఆ 66 ఎకరాల్లో సీటుకే.

సెంట్రల్ యూనివర్సిటీలో సైకిల్ లేకపోతే రోజు గడవడం కష్టం. టైరు పంక్చరైన రోజు మొదటి క్లాసు పోయినట్టే. కానీ బండరాళ్లు, చెరువులు, నెమళ్ల మధ్య మనసు బాగోలేనప్పుడు ఒంటరిగా నడిచి రావచ్చు. చిన్న క్యాంపస్‌లో అన్నీ అందుబాటులో ఉంటాయి, పొద్దున్నుంచి రాత్రిదాకా అవే ముఖాలు కూడా ఉంటాయి. రూమ్మేట్‌తో మాటామాటా పెరిగితే తప్పించుకునే చోటుండదు. సామాజిక శాస్త్రాలు చదివే పిల్లలకు నేను సెంట్రల్ యూనివర్సిటీనే చెబుతాను. పక్క గదిలో భాషాశాస్త్రం విద్యార్థి, ఎదురు గదిలో ఫిజిక్స్ విద్యార్థి దొరకడం చిన్న వరం కాదు. అక్కడి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకు ఇంటర్ తర్వాత సీయూఈటీ రాయాలి.

నన్ను బాధపెట్టేది కొన్ని ప్రైవేటు కాలేజీలు ఊరి బయట ఎకరాలు చూపించి డబ్బు లాగే తీరు. ఇంటి నుంచి వెళ్లొచ్చే పిల్లలకు రోజూ మూడు గంటలు బస్సులోనే అయిపోతాయి. ఇంటికొచ్చేసరికి పుస్తకం తెరిచే ఓపిక ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా బస్సు ఫీజు మీ జేబులోంచే. పైగా ఫలితాలు రాకముందే ‘సీటు బ్లాక్ చేసుకోండి’ అని ఫోన్లు. నాకు తెలిసిన ఒక కుటుంబం అలా యాభై వేలు కట్టింది. తర్వాత కన్వీనర్ కోటాలో మంచి సీటు వచ్చినా, ఆ డబ్బు కోసం ఆరు నెలలు తిరిగారు. దయచేసి రసీదు మీద షరతులు చదవకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఆ తండ్రితో ఒకటే చెప్పాను: క్లాసులు జరిగే మామూలు రోజున అమ్మాయిని తీసుకెళ్లండి, ఆఫీసు వాళ్లు ఎక్కించే బ్యాటరీ బండి ఎక్కకండి, చివరి హాస్టల్ నుంచి నడవండి. మెస్ క్యూలో నిలబడ్డ పిల్లలతో మాట్లాడండి.

వెళ్లొచ్చారు. ఎండలో ఒకవైపే ఇరవై రెండు నిమిషాలు పట్టిందట. లంచ్ విరామం నలభై ఐదు నిమిషాలు. ఆ కాలేజీని వెబ్ ఆప్షన్లలో మొదటి స్థానం నుంచి ఐదో స్థానానికి దించింది ఆ అమ్మాయే. తండ్రి అడ్డు చెప్పలేదు.