వీధి చెత్తయు జరిమానాయు

తిరువూరు ఇప్పటి ఎన్.టి.ఆర్. జిల్లాలోని పట్టణము. 2011వ సంవత్సరమున అది నగర పంచాయతీ యయ్యెను. నాటినుండి అచటి వీధుల శుభ్రత పురపాలక శాసనముల క్రిందికి వచ్చినది.

2016లో కేంద్ర ప్రభుత్వము ఘనవ్యర్థముల నిర్వహణకు నియమములు చేసెను. గృహస్థులు తడిచెత్తను, పొడిచెత్తను, హానికరమైన చెత్తను వేరుచేసి యుంచవలెను, వీధిలోగాని మురుగుకాల్వలోగాని పారవేయరాదు, కాల్చరాదు అని ఆ నియమములలో నుండెను. తప్పినవారికి అక్కడికక్కడే జరిమానా విధించుటకు స్థానిక సంస్థలు ఉపవిధులు చేసికొనవలెననియు అందుండెను. అయితే ఇంటింటికి పోయి చెత్త సేకరించుట ఆ సంస్థల విధియని కూడ ఆ నియమములే చెప్పినవి. బండి రాని వీధిలో జరిమానా అడుగుట న్యాయమగునా? మీరే యోచింపుడు.

ఇక తప్పును కనిపెట్టువారెవరు? ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2న సచివాలయ వ్యవస్థ ఆరంభమయ్యెను. పట్టణములలో సుమారు 4,000 మందికొక వార్డు సచివాలయమును, అందొక పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శిని ఏర్పరచిరి. నాలుగువేలమందికి ఒక్కరు! వేకువజామున ఎవరు ఏ మలుపులో సంచి విసరిరో ఆ ఒక్కరు చూడగలరా? చూచినను, నిత్యము పలుకరించు మనుష్యులయెడ రసీదు పుస్తకముకంటె మందలింపే ముందు వచ్చుట సహజము. దానిని మెతకదన మనలేము. రేపు మరల ఆ గుమ్మమునకే పోవలెను గదా!

అరటితొక్కలతో కలిపి పగిలిన గాజుముక్కను సంచిలో కట్టి పారవేసినచో, దానిని విప్పునది పారిశుద్ధ్య కార్మికురాలు. గాజు ఆమె వ్రేలిని కోయునప్పటికి ఆ సంచి ఏ యింటిదో చెప్పువారుండరు.