రాతిబానలు ఎన్ని లీటర్లు పట్టును?

(యోహాను 2:6)

కానా ఊరి వివాహమును గూర్చి మన సంఘములలో ఎరుగనివారు లేరు. పెండ్లిండ్లలో ఆ భాగమే చదువుదుము. అయినను ఆరవ వచనమునొద్ద మనము నిలువము. రెండేసి మూడేసి తూములు పట్టు ఆరు బానలని చదివి ముందునకు సాగిపోదుము. ఆ బానలు ఎంత పెద్దవి? ఈ నెల పాఠము ఈ ఒక్క ప్రశ్నను గూర్చియే.

దీనికి కారణము మా పొరపాటే. మొన్న ఒక ఆదివారమున యౌవనుల తరగతిలో ఈ వచనము చెప్పుచు, ఆరు బానలును కలిసి 545 మొదలు 818 లీటర్లవరకు పట్టునని నల్లబల్లమీద వ్రాసితిమి. మా యొద్దనున్న ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథములో బాన ఒక్కంటికి 20 నుండి 30 గాలన్లని యున్నది. గాలను అనగా నాలుగున్నర లీటర్లకు కొంచెము ఎక్కువ అని చిన్ననాడు బడిలో నేర్చితిమి. హెచ్చించి వ్రాసితిమి, అంతే. అప్పుడు పాల కేంద్రములో పనిచేయు ఒక యౌవనుడు లేచి, "అయ్యగారూ, ఆ పుస్తకము ఏ దేశములో అచ్చయినది?" అని అడిగెను. "అమెరికాలో, నాయనా. ఏమి?" అంటిమి. "అయితే అది అమెరికా గాలను అయియుండును. అది 3.785 లీటర్లే. మా కేంద్రమునకు వచ్చిన ఒక తొట్టిమీద గాలన్లు వ్రాసియుండగా మేమును మీవలెనే లెక్కవేసి మోసపోతిమి" అనెను. ఇంటికి పోయి చూడగా అతని మాటయే నిజము. కనుక ఆ అంకెలు వ్రాసికొనినవారు దయచేసి కొట్టివేయవలెను.

ఒకే పేరుగల కొలత రెండు విధములుగా ఎట్లాయెను? పూర్వము ఇంగ్లండులో ద్రాక్షారసమైనను, యవలతో చేయు బీరైనను కొయ్య పీపాలలోనే నిలువచేసి, పీపాల లెక్కననే అమ్ముచుండిరి. సరకునుబట్టి గాలను మారెడిది. ద్రాక్షారసపు గాలను 231 ఘనపు అంగుళములు, అనగా 3.785 లీటర్లు. ఏల్ అను మద్యమునకును బీరునకును వాడిన గాలను 282 ఘనపు అంగుళములు, అనగా 4.621 లీటర్లు. 1824లో బ్రిటిషు ప్రభుత్వము ఈ రెంటిని తీసివేసి 4.546 లీటర్ల గాలను ఒక్కటే నిలిపెను. మన బడులలో చెప్పినది ఇదియే. అమెరికావారు అంతకు ముందే విడిపోయిరి గనుక పాత ద్రాక్షారసపు గాలనునే నేటికిని వాడుచున్నారు. మన దేశములో 1956 నాటి చట్టముతో మెట్రిక్ కొలతలు ప్రవేశపెట్టబడెను, గాలను పోయి లీటరు వచ్చెను. పాత పుస్తకములలో మాత్రము గాలను పోలేదు.

పీపాల పేర్లలోను ఇదే చిక్కు. బ్యారెలు అను మాటనే చూడుడి. బీరు బ్యారెలు 36 బ్రిటిషు గాలన్లు, సుమారు 164 లీటర్లు. ద్రాక్షారసపు బ్యారెలు 31న్నర గాలన్లు, 119 లీటర్లు. వార్తాపత్రికలో ధర వ్రాయు ముడిచమురు బ్యారెలు 42 అమెరికా గాలన్లు, 159 లీటర్లు. కాబట్టి లీటర్లలోనికి మార్చుటకు ముందు రెండు సంగతులు అడుగవలెను. ఏ సరకు పీపా? ఏ గాలను? ఇవి తెలిసినచో మిగిలినది ఒక్క హెచ్చవేతయే. ద్రాక్షారసపు పీపాలన్నిటిలో పెద్దది టన్. అది 252 గాలన్లు, 954 లీటర్లు. ఓడలు ఇట్టి పీపాలెన్ని మోయునో లెక్కించుటనుండియే టన్ను అను మాట పుట్టినది. టన్‌లో సగము పైపు, 477 లీటర్లు. పోర్చుగీసు భాషలో దానిని పీపా అందురు, మన పీపా అను మాట అక్కడనుండి వచ్చినదే.

ఇక బానల సంగతి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ వచనమున ఫర్కిన్ అను మాట యున్నది. అది బ్యారెలులో నాలుగవ వంతు పట్టు చిన్న పీపా. ఏల్ ఫర్కిన్ 8 గాలన్లు, బీరు ఫర్కిన్ 9 గాలన్లు. పైన చెప్పిన 282 అంగుళముల గాలనుతో హెచ్చించినయెడల మొదటిది 37 లీటర్లు, రెండవది సుమారు 41న్నర లీటర్లు. గ్రీకు మూలములో ఉన్న కొలత మెట్రేటేస్, సుమారు 39 లీటర్లు. అనగా రెండు ఫర్కిన్‌ల నడుమ సరిగా పడుచున్నది. ఆ భాషాంతరకర్తలు తమ జనులు ఎరిగిన పాత్రనే వెదకి పెట్టిరి.

మన తెలుగు బైబిలువారును అట్లే తూము అనిరి. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి అని మన పెద్దలకు తెలియును. కుంచము మాత్రము ప్రాంతమునుబట్టి మారెడిది. అదియు ధాన్యపు కొలతయే గాని నీళ్ల కొలత కాదు. మరియొక జాగ్రత్త చెప్పవలెను. లూకా 16:7లో గోధుమలకును తూములనియే యున్నది. అక్కడ మూలములోని కొలత కోరు. యెహెజ్కేలు 45:14 ప్రకారము అది పది బత్‌లు. బత్ సుమారు 22 లీటర్లని పలువురు పండితుల అంచనా, జోసీఫసు లెక్క ఇంకను పెద్దది. తక్కువ లెక్కనే తీసికొనినను అక్కడి తూము 220 లీటర్లు, ఇక్కడి తూము 39 లీటర్లు. ఒకదాని లెక్క మరియొకదానికి వేయరాదు.

రెండు మెట్రేటేస్‌లు 78 లీటర్లు, మూడు 117. ఆరు బానలకు 468 మొదలు 702 వరకు. మేమైతే 470 నుండి 700 అని వ్రాసి ఊరకుందుము. అవి రాతితో మలచిన బానలు, ఒకటి మరియొకదానివలె ఉండదు. రెండేసి మూడేసి అని సువార్తికుడే చెప్పగా మనము దశాంశములు తగిలించుట వృథా. కిరోసిను వచ్చు 200 లీటర్ల పెద్ద డ్రమ్ములతో చూచినయెడల రెండు డ్రమ్ములకు పైగా, మూడున్నర వరకు. పీపాలతో చూచినయెడల ఒక పైపు మొదలు ఒకటిన్నర వరకు.

మరుసటి ఆదివారము మా తప్పు దిద్దుకొని ఈ లెక్క చెప్పితిమి. ఆ యౌవనుడే బల్లయొద్దకు వచ్చి, 15 లీటర్ల బిందెతో మోసినచో 31 నుండి 47 బిందెలు కావలెనని వ్రాసెను. వెనుక కూర్చున్న ఒక ముసలమ్మ అంతయు విని, "బావి ఎంత దూరమయ్యా, అయ్యగారూ?" అని అడిగినది. అది వ్రాయబడలేదని చెప్పితిమి.