ఫోన్ ఆపేసిన స్టెల్లకు

నాంపల్లి



ఆదివారం గన్‌ఫౌండ్రీ చర్చిలో పూజ అయ్యాక మీ అత్త ఈ పెద్దమ్మ చెవిలో వేసింది. నువ్వు గన్‌పార్క్ దగ్గర ధర్నాలో కూర్చున్నావట, పోలీసులు పేర్లు రాసుకున్నారట, అప్పటినుంచీ నీ ఫోన్ స్విచ్చాఫ్. ధర్నాకు వెళ్లావని పెద్దమ్మకు కోపం లేదు. కోపమంతా ఆ స్విచ్చాఫ్ మీదే. అందుకే ఆబిడ్స్ జీపీవోకు వెళ్లి నీ హాస్టల్‌కు ఈ ఉత్తరం వేస్తోంది.

నర్సు ఉద్యోగం మానేసి ఉద్యమంలోకి పోతానని రాశావు కదా. మేరీ మోయ్‌లన్ సంగతి విను. 1936లో బాల్టిమోర్‌లో పుట్టిన కథోలిక పిల్ల. కాన్పులు చేసే నర్సుగా ఉగాండా వెళ్లింది. అమెరికా ఇచ్చిన విమానాలు 1965లో కాంగో వైపు నుంచి వచ్చి ఉగాండా సరిహద్దు పల్లెల మీద బాంబులు వేశాయి. ఇంటికొస్తే అక్కడ వియత్నాం యుద్ధం.

1968 మే 17న కేటన్స్‌విల్‌లో, కుర్రాళ్లను సైన్యంలోకి పిలిచే ఆఫీసులోకి తొమ్మిదిమంది వెళ్లారు. వాళ్లలో మేరీ ఒకతె, ఫాదర్లైన బెరిగన్ సోదరులు ఇద్దరు. 378 ఫైళ్లు తీగబుట్టల్లో మోసుకొచ్చి కార్లు ఆపేచోట కుప్పపోశారు. పెట్రోలు, సబ్బుపొడి కలిపి ఇంట్లో చేసిన నాపామ్‌తో తగలబెట్టారు. పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా పరలోక జపం చెబుతూ నిలబడ్డారు. అలా నిలబడటం పెద్దమ్మకు నచ్చింది.

తర్వాతిదే నచ్చలేదు. మేరీకి రెండేళ్ల శిక్ష పడింది. 1970 ఏప్రిల్‌లో జైలుకు రమ్మంటే అజ్ఞాతంలోకి వెళ్లింది. బెరిగన్‌లిద్దరూ ఆగస్టులోగా దొరికిపోయారు. ఈమె దొరకలేదు. 1971లో ఆ కేసు మీద డేనియల్ బెరిగన్ రాసిన నాటకం న్యూయార్క్‌లో ఆడుతుంటే మేరీ వేషంలో ఎవరో నటి నిలబడింది, అసలు మేరీ ఎక్కడో దాక్కుంది! 1979లో తనంతట తనే లొంగిపోయింది. 1995లో, అరవై నిండకుండానే పోయింది. రెండేళ్ల శిక్షకు తొమ్మిదేళ్ల అజ్ఞాతం. ఆమె పట్టుదలను తక్కువ చెయ్యను గానీ, ఈ లెక్క పెద్దమ్మకు మింగుడు పడదు.

దాక్కోవడమంటే పెద్దమ్మకు భయం ఎందుకో విను. 1969లో పెద్దమ్మది నర్సింగ్ మొదటి ఏడాది. తెలంగాణ ఉద్యమంలో తూటా తగిలిన ఒక కుర్రాడిని వార్డుకు తెచ్చారు. పోలీసులకు తెలుస్తుందని పేరు చెప్పడు. రాత్రంతా "మా అమ్మకు తెలుసా సిస్టర్?" అనే అడిగాడు. పేరే చెప్పనివాడి అమ్మకు కబురెలా పంపాలి, నాన్నా?

తెలంగాణ సాయుధ పోరాటంలో అజ్ఞాతంలో ఉన్న మల్లు స్వరాజ్యం తల మీద పదివేల రూపాయల వెల కట్టారు. అయినా ఊళ్లు అన్నం పెట్టి కాపాడాయి. తర్వాత తుంగతుర్తి ఎమ్మెల్యే అయింది. నీ హాస్టల్ గదికి ఏ ఊరుందే? వేళకు తింటున్నావా? కిందటిసారి చూస్తే మెడ ఎముకలు తేలి ఉన్నాయి.

ధర్నాకు వెళ్లు, కానీ వెళ్లేముందు ఒకరికి చెప్పి వెళ్లు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకో. పోలీసులు నోటీసిస్తే తీసుకో, కానీ ఏ కాగితం మీదా ఒంటరిగా సంతకం పెట్టకు. నాంపల్లి కోర్టు మన ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. వకీలు దగ్గరికి పెద్దమ్మ కూడా వస్తుంది.

మీ పెద్దమ్మ