కాప్పీడు కార్డుతో స్కాన్ ఎక్కడ తీయించుకోవాలి?

ఈ సంచికకు చదువు గురించి ఏదైనా రాయమని ట్రస్టు పెద్దలు అడిగారు. నేను రాసేది చదువు గురించే, కాని దారి ఆసుపత్రి గుండా పోతుంది. 2023లో నాకు అందిన 8,000 రూపాయల ఉపకార వేతనం కాలేజీకి కాక స్కాన్ సెంటరుకు పోబోయింది. దాన్ని ఆపగల సంగతులు అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. విద్యార్థులు చదివి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పాలని కోరుతున్నాను.

మాది కోయంబత్తూరు పక్క పల్లె. నాయన పవర్‌లూమ్‌లో కూలి. ఆ ఏడు ఆడి మాసంలో అమ్మకు మెడనొప్పి మొదలైంది. తర్వాత కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి, పట్టుకున్న చెంబు జారిపోయేదాకా వచ్చింది. మా వీధి డాక్టరుగారు చూసి, మెడకు ఎం.ఆర్.ఐ. తీయించమని చీటీ రాశారు. బయట ఏడు వేలు అన్నారు.

మా దగ్గర ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కార్డు ఉంది. తమిళంలో కాప్పీట్టు తిట్టం అంటారు. (మా అవ్వకు ఆ రెండో మాట ఎప్పుడూ తిట్టులాగే వినబడేది.) 2012 జనవరిలో మొదలైన ఈ పథకాన్ని 2018లో కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌తో కలిపారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స. కుటుంబ ఆదాయ పరిమితి ఇదివరకు ఏడాదికి 72,000 ఉండేది, తర్వాత 1,20,000 చేశారు.

నేను పథకం జాబితాలో పేరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఫోను చేసి "కార్డు తీసుకుంటారా?" అని అడిగాను. "తీసుకుంటాం, రండి" అన్నారు. రెండు బస్సులు మారి వెళ్ళాం. స్కాన్ కౌంటరులో మాత్రం "కార్డు అడ్మిట్ అయిన వాళ్ళకే. స్కాన్ విభాగం వేరేవాళ్ళది, డబ్బు కట్టండి" అన్నారు. ఉపకార వేతనం డబ్బు నా సంచిలోనే ఉంది. తీయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని "వద్దురా, నీ ఫీజు గడువు ఎప్పుడు?" అని అడిగింది.

వాళ్ళు ఫోనులో సరిగా చెప్పలేదన్నది నిజమే. అయినా నేనడిగిన ప్రశ్నే తప్పని తర్వాత తెలిసింది. ఆసుపత్రిని జాబితాలో చేర్చేది విభాగాలవారీగా. కంటి ఆపరేషన్లకు చేరినంత మాత్రాన స్కానుకు చేరినట్టు కాదు. పైగా ఆయుష్మాన్ భారత్‌లో ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పరీక్షలకు సాధారణంగా డబ్బు రాదు. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజులు, ఆ మధ్య జరిగిన పరీక్షలు చికిత్సలో భాగంగా లెక్కకు వస్తాయి. తమిళనాడు పథకంలో ఒక మేలుంది. 2022 నాటి విడతలో 1,090 చికిత్సలతో పాటు 52 రోగనిర్ధారణ పరీక్షలను విడిగా చేర్చారు. కాని వాటికీ వీధి డాక్టరుగారి చీటీ చాలదు. జాబితాలోని ఆసుపత్రి డాక్టరు చూసి రాయాలి, బీమా వారి అనుమతి రావాలి. కనుక అడగవలసింది ఇది: "ఈ పరీక్ష, ఈ కార్డు మీద, అడ్మిట్ కాకుండా చేస్తారా? ఎవరి చీటీ కావాలి?" ఎవరు చెప్పారో పేరు కూడా రాసుకోండి.

ఆ ఆసుపత్రిలోనే ఒక నర్సమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళమన్నారు. మరునాడు ఓ.పి. చీటీ తీసుకుని ఎముకల డాక్టరుగారికి చూపించాం. ఆయన ఎం.ఆర్.ఐ. రాసి, బీమా కౌంటరుకు పంపారు. అక్కడ ఇంకో చిక్కు. అమ్మ పేరు గోవిందమ్మ. తమిళంలో గ, క లకు ఒకటే అక్షరం కదా. రేషన్ కార్డులోని తమిళ పేరును ఎవరో ఇంగ్లీషులోకి "కోవిందమ్మాళ్" అని ఎక్కించారు, ఆధార్‌లో "గోవిందమ్మ" అని ఉంది. సవరించుకురమ్మన్నారు. మన ఇళ్ళలో ఇలాంటి పేర్లు ఎన్నో! జబ్బు రాకముందే ఈ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. చిత్తూరులోని మేనమామ కార్డు మీద తీయిద్దామని నాయన అన్నాడు గాని, ఆ కుటుంబంలో పేరు లేనివారికి అది కుదరదు.

కర్ణాటకలో ఉన్నవారు, అత్యవసరం కాకపోతే, ముందు ప్రభుత్వ ఆసుపత్రి రిఫరల్ తీసుకోవాలి. మహారాష్ట్ర వారికి మహాత్మా జ్యోతిరావ్ ఫులే పథకం ఉంది. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఇ.ఎస్.ఐ. ఉన్న ఇళ్ళకు దారి వేరు: ముందు డిస్పెన్సరీ, తర్వాత ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, అక్కడ యంత్రం లేకపోతే ఒప్పందం ఉన్న సెంటరుకు వాళ్ళే రాసిస్తారు. ఆయుష్మాన్ భారత్ గురించి ఏ రాష్ట్రం వారైనా 14555కు ఫోను చేయవచ్చు.

సైన్సు విద్యార్థులకు ఒక మాట. స్కాన్ తీసేవారు టెక్నీషియన్, దాన్ని చదివి రిపోర్టు మీద సంతకం పెట్టేవారు రేడియాలజిస్టు, అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత ఆ విద్య చదివిన డాక్టరు. ఎం.ఆర్.ఐ. ఫిల్మును ఆయన వేరే ఊరినుండి కూడా చదవవచ్చు. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, అయస్కాంతం ఉంటుంది. అందుకే ఒంట్లో పేస్‌మేకర్, లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. కడుపు స్కాన్ సెంటర్లు 1994 నాటి చట్టం కింద రిజిస్టరు అయి, ఆ పత్రాన్ని అందరికీ కనబడేలా తగిలించాలి.

పేరు సవరణతో కలిపి మాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అమ్మ ఎడమచేత్తోనే అన్నం తింది. స్కానుకు మా చేతినుండి ఒక్క రూపాయి పోలేదు. మెడలో డిస్కు జారి వెన్నుపామును నొక్కుతున్నదని రిపోర్టు వచ్చింది. ఇంకా ఆలస్యమైతే చేతి బలం తిరిగి రాకపోవచ్చని డాక్టరుగారు చెప్పి, అదే కార్డు మీద ఆపరేషన్ చేశారు. చిటికెన వేలు ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది, చెంబు మాత్రం జారడం లేదు. ఆ ఎనిమిది వేలు కాలేజీకే కట్టాను, గడువు దాటినందుకు వంద రూపాయల జరిమానాతో.