ముసురు రోజుల్లో కోళ్లకు రాయీ కావాలి, గుల్లా కావాలి

ముసురు పట్టి కోళ్లను రోజుల తరబడి గూట్లోనే ఉంచినప్పుడు మేత వేస్తాం, నీళ్లు పెడతాం. రాయి, గుల్ల మాత్రం ఎవరికీ గుర్తురావు. ఎండ కాసే రోజుల్లో ఈ రెండింటినీ కోడి తనే ఏరుకుంటుంది. వాకిలంతా బురదైనప్పుడు మనమే అందించాలి.

కోడికి పళ్లుండవు. నానిన గింజ కందనకాయలోకి చేరాక, అక్కడి గట్టి కండరాలు రాళ్ల మధ్య దాన్ని తిరగలిలా విసురుతాయి. రాళ్లు లేకుంటే జొన్నలు, వడ్లు సరిగా నలగవు, తిన్న మేత ఒంటికి పట్టదు. ఇల్లు కట్టేచోట ఇసుక జల్లెడ పట్టగా మిగిలిన గులకలు ఇందుకు చక్కగా పనికొస్తాయి. కడిగి ఆరబెట్టి, పెద్ద కోళ్లకు జొన్నగింజ నుంచి కందిగింజంతవి, నూకలు తినడం మొదలుపెట్టిన కోడిపిల్లలకు సజ్జగింజంతవి వేయండి. సిమెంటు పెళ్లలు, గాజు పెంకులు లేకుండా చూసుకోవాలి.

‘షెల్ గ్రిట్ (గుల్ల ముక్కలు) వేస్తున్నాం కదా, మళ్లీ రాళ్లెందుకు?’ అని చాలామంది అడుగుతారు. గుల్ల కడుపులోని ఆమ్లానికి నెమ్మదిగా కరిగిపోతుంది, గింజను నలిపే రాయిలా ఎక్కువ కాలం నిలవదు. నల్లరాయి, పలుగురాయి నిలుస్తాయి గానీ పెంకుకు కావలసిన కాల్షియం ఇవ్వవు. ఒకటి పెట్టి రెండోది మానేస్తే లాభం లేదు.

గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్నదాంట్లో సుమారు సగమే ఒంటికి పడుతుంది కాబట్టి, గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 4 గ్రాముల దాకా కావాలి. నూకల్లో కాల్షియం లేనట్టే లెక్క. తవుడులో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేస్తుంది. గుల్లలో కాల్షియం సుమారు 38 శాతం. అంటే నూకలు, తవుడు మీదే బతికే పెట్టకు రోజుకు సుమారు 10 గ్రాముల గుల్ల అవసరం. అందకపోతే ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. ముందు తోలుగుడ్లు పడతాయి, తర్వాత పెట్ట కాళ్లు పట్టు తప్పుతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియలాంటి కోళ్లు నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి కాబట్టి వాటి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

గుల్లను సాయంత్రం పెట్టండి. పెంకు కట్టడానికి 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రే జరుగుతుంది. మెత్తని పొడి త్వరగా దాటిపోతుంది. ముక్కలైతే కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కరుగుతాయి. నత్తగుల్లలు, ఆల్చిప్పలు దొరికితే కడిగి, ఎండబెట్టి దంచుకోవచ్చు. ఇంట్లో మిగిలిన గుడ్డు పెంకుల్ని పెనం మీద బాగా వేయించి నలపండి. పచ్చివి అలాగే వేస్తే కోళ్లు గుడ్లు పొడిచి తినడం మరుగుతాయి. గోడలకు వేసే సున్నం మాత్రం ఎప్పుడూ పెట్టకండి, నోరూ కడుపూ కాలిపోతాయి.

గుల్లను మేతలో కలిపేస్తే కోడిపిల్లలు కూడా తింటాయి. ఎదిగే వయసులో అతిగా అందిన కాల్షియం మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. గుల్లకో మూకుడు, రాళ్లకో మూకుడు తడవనిచోట విడిగా పెడితే పెట్టలు కావలసినంత తింటాయి. గుల్ల మూకుడును మాత్రం కోడిపిల్లలకు అందకుండా ఉంచండి. వాన తెరిపిచ్చినప్పుడల్లా కోళ్లను ఎండలోకి వదలాలి. ఎండ తగిలితేనే ఒంట్లో డి విటమిన్ తయారై కాల్షియం పడుతుంది.

ఇవన్నీ చేసినా పెంకు పలచగానే ఉండి, కోళ్లు గురక పెడుతూ మెడ తిప్పుతుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. ఆ కోళ్లను వెంటనే వేరుచేసి, పశువైద్యుణ్ని పిలిపించండి.