ధనబలమా, పూర్వచరిత్రా?

అంతర్జాలంలో ఒక మాటను వెదకగానే మనకు ప్రకటనలు కూడ కనిపిస్తాయి. ఆ మాటనే కీలకపదం అంటారు. ప్రకటనల వరుసను నిర్ణయించేది వేలంపాట. 1998లో గోటూ సంస్థ హెచ్చుపాటకే అగ్రస్థానమిచ్చింది. 2002లో గూగుల్ పాటతోపాటు, ప్రకటనను చూచినవారిలో ఎందరు నొక్కుతారన్నది కూడ లెక్కలోకి తీసుకొన్నది.

ఒక పెద్ద వర్తకుడు నొక్కుకు 10 రూపాయలు పాడాడనుకొందాం. నూటికి ఇద్దరే నొక్కితే లబ్ధం 20. చిన్న వర్తకుడు 6 రూపాయలే పాడినా, నూటికి ఐదుగురు నొక్కితే లబ్ధం 30. పైస్థానం చిన్నవానిదే.

ఎందరు నొక్కుతారన్న అంచనాకు ముఖ్యాధారం ఆ కీలకపదానికి ఆ ప్రకటన గడించిన పూర్వచరిత్ర. నేడు ప్రకటనకూ వెదకిన మాటకూ గల పొందిక, నొక్కినవారు చేరే పుట నాణ్యత కూడ చూస్తారు. కనుక వెదకేవాని అవసరాన్ని ఎరిగి ప్రకటన వ్రాయడమే అల్పధనునికి అండ అని మనం గ్రహించాలి.