నాలుగు నిమిషాల్లో ఎవరు వస్తారు?

2024 మే నెలలో విజయవాడ అయ్యప్పనగర్‌లో ఆరేళ్ళ బాలుడొకడు కరెంటు షాకు తగిలి స్పృహ తప్పి పడిపోయాడు. తల్లిదండ్రులు బిడ్డను చేతులమీద వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తుతున్నారు. దారిలో ఎదురైన ఒక వైద్యురాలు పిల్లవాడిని పరీక్షించి, రోడ్డుమీదనే పడుకోబెట్టించి, ఛాతీమీద ఆగకుండా నొక్కడం మొదలుపెట్టారు. అక్కడున్న ఒకరిని నోటిలోకి గాలి ఊదమన్నారు. కొన్ని నిమిషాలకు పిల్లవాడిలో కదలిక వచ్చింది. ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అతడు కోలుకున్నాడు.

అక్కడ మందు లేదు, సూది లేదు, యంత్రం లేదు. గాలి ఊదినవారు దారిన పోయేవారే. మరి ఆ వైద్యురాలు ఆ సమయానికి ఆ దారిన రాకపోతే? మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ముందు ఒక పొరపాటు సరిదిద్దుకుందాం. “గుండెపోటు”, “గుండె ఆగిపోవడం” ఒకటి కావు. బందరు కాలువ నుంచి చీలిన ఒక పిల్లకాలువలో గుర్రపుడెక్క పేరుకున్నదనుకోండి. దాని కింది పొలాలు మాత్రమే ఎండుతాయి. గుండెపోటు అటువంటిది. గుండె కండరానికి రక్తం అందించే ఒక ధమని మూసుకుపోతుంది. రోగి నొప్పితో బాధపడతాడు, కాని మాట్లాడతాడు, ఊపిరి పీలుస్తాడు. ప్రకాశం బ్యారేజి దగ్గర కాలువల తలుపులన్నీ ఒక్కసారిగా మూసుకుపోతే ఏమవుతుంది? గుండె ఆగిపోవడం అటువంటిది. మెదడుతో సహా అన్ని అవయవాలకూ రక్తం ఆగిపోతుంది. గుండెపోటు ముదిరి ఇంతవరకూ రావచ్చు. కరెంటు షాకు వల్ల, నీళ్ళలో మునగడం వల్ల కూడా ఇది జరగవచ్చు. కాలువలూ చెరువులూ పొలం మోటార్లూ ఉన్న మన డెల్టాలో ఈ రెండూ అరుదైన ప్రమాదాలు కావు.

పొలమైతే కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. మెదడు ఓర్చుకోదు. రక్తం ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు కణాలు దెబ్బతినడం ఆరంభమవుతుంది. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన నాటి నుంచి ఎందరినో కాపాడింది. కాని బెంజి సర్కిల్ రద్దీలోంచి గాని, పడవ దాటవలసిన లంక గ్రామానికి గాని నాలుగు నిమిషాల్లో ఏ వాహనం రాగలదు? ఆ వ్యవధిలో రాగలిగేది పక్కనున్నవారే.

పక్కనున్నవారు చేయగలిగే పని ఎలా బయటపడిందో తెలుసా? అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు బృందం కుక్కలమీద ప్రయోగాలు చేస్తున్నది. ఆగిన గుండెకు విద్యుత్తు ఇవ్వడానికి బరువైన పలకలను ఛాతీకి నొక్కిపట్టినప్పుడు, ఇంకా విద్యుత్తు ఇవ్వకముందే రక్తపీడనం కొద్దిగా పెరగడం వారి కంటబడింది. ఆ నొక్కుడే రక్తాన్ని నడిపిస్తున్నదన్నమాట! 1960లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఉరోస్థికీ వెన్నెముకకూ మధ్య గుండె నలిగి రక్తం బయటికి పోతుంది. వదలగానే మళ్ళీ నిండుతుంది. కవాటాలు ఉన్నాయి గనుక రక్తం వెనుకకు పోదు. మామూలు ప్రవాహంలో నాలుగోవంతో మూడోవంతో మాత్రమే అందుతుంది. ఆ కాస్తే ప్రాణాధారం.

మనిషి పడిపోతే ముందుగా భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలుకక, మామూలుగా ఊపిరి తీయకపోతే గుండె ఆగినట్లే భావించాలి. ఆగి ఆగి వచ్చే ఎగశ్వాసను చూసి “ఊపిరి ఆడుతోంది” అని చాలామంది ఊరుకుంటారు. అది శ్వాస కాదు. ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో నీళ్ళు పోయడం వంటివి కాలహరణం. నీళ్ళు పోస్తే ప్రమాదం కూడా. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు రోగిని గట్టి నేలమీద వెల్లకిల పడుకోబెట్టి, ఛాతీ నడుమ ఒక అరచేతి మడమ ఉంచి, దానిమీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా అయిదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. చిన్నపిల్లలకు ఒక చేయి చాలు; లోతు ఛాతీ మందంలో మూడోవంతు. “ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది” అని లెక్కపెడితే నోరు తిరగక వేగం తగ్గుతుంది. ఒకటి నుంచి పది వరకు మూడుసార్లు లెక్కించడం మేలు. రెండు నిమిషాలకే చేతులు అలసిపోతాయి. మనిషి మారాలి. అందుకే ఊరికి ఒక్కరు నేర్చుకుంటే చాలదు.

శిక్షణ లేనివారు నొక్కడం ఒక్కటే చేసినా మేలే. నీళ్ళలో మునిగినవారికీ పిల్లలకూ మాత్రం గాలి కూడా కావాలి: ముప్పై నొక్కుళ్ళకు రెండు ఊపిరులు. కరెంటు షాకు అయితే సరఫరా ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు.

డెన్మార్కు దేశం 2005లో దీనిని బడిపిల్లలకు తప్పనిసరి పాఠం చేసింది. అక్కడ ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో పక్కవారి సాయం అందినవారు 2001లో నూటికి సుమారు 21 మంది. 2010కి 45 మంది అయ్యారు. నెల రోజుల తర్వాత బతికి ఉన్నవారు నూటికి నలుగురి కంటె తక్కువ ఉండగా, సుమారు 11కి పెరిగారు. ఆ కాలంలో వైద్యసేవలు కూడా మెరుగుపడ్డాయి గనుక ఫలితమంతా పాఠానిదే అనలేము. అయినా అది చిన్న మార్పేమీ కాదు.

మీ తరగతిలో చేయదగిన పని ఒకటున్నది. మీ ఊరి పటమో, వీధి పటమో గీయండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, నర్సుల ఇళ్ళు, కరెంటు సరఫరా ఆపగలిగినవారి ఇల్లు, కాలువ రేవులు గుర్తించండి. ప్రతి ఇంటికీ నాలుగు నిమిషాల నడకలో ఈ పని తెలిసినవారు ఎవరున్నారో చుక్క పెట్టండి. చుక్కలు లేని చోట్లు కనబడతాయి. అక్కడివారిని పోగుచేసి, ఆరోగ్య కేంద్రం సిబ్బంది చేత బొమ్మమీద నేర్పించమని ప్రధానోపాధ్యాయుల ద్వారా కోరండి. తోటి విద్యార్థి ఛాతీమీద మాత్రం ఎన్నడూ అభ్యాసం చేయకండి; కొట్టుకుంటున్న గుండెను అలా నొక్కరాదు. రాత్రిపూట అంబులెన్సుకు దారి చూపడానికి మలుపు దగ్గర ఎవరు నిలబడతారో కూడా పటంలో రాయండి. ఆరు నెలలకొకసారి దానిని సరిచూడాలి. ఈలోగా కొందరు ఊరు మారి ఉంటారు, కొందరు నేర్చుకున్నది మరచిపోయి ఉంటారు.